లెక్కలోకి రాని ముప్పై అయిదు నిమిషాలు

అక్టోబరు 11, ఆదివారం

ఈ నోటుపుస్తకం మా అమ్మాయి బ్రిట్టా కొనుక్కున్నది. గీతలు వంకరగా పడ్డాయని నా మీదికి విసిరేసింది. మా ఇంట్లో నాకు ఏదైనా ఇలాగే వస్తుంది. సరే, గీతలు వంకరైతే రాత వంకరవుతుందా? రాసుకుంటాను.

వంటింటి బల్లకి అటు అది, ఇటు నేను. ఇద్దరి ముందూ ఒకే రకం పుస్తకం. నలభై ఎనిమిదేళ్ల తల్లి, ఇరవై రెండేళ్ల కూతురు కలిసి లా స్కూల్ ప్రవేశపరీక్షకి చదవడం సరస్సు ఒడ్డున ఈ డులూత్ ఊళ్లో ఇదే మొదటిసారేమో. పరీక్ష డిసెంబరు అయిదున. రాస్తానని ముందు అన్నది అది. లాయరు దగ్గర ఇన్నేళ్లు టైపు చేశావు కదమ్మా, నువ్వూ రాయరాదూ అన్నదీ అదే. నిజంగా రాస్తాననుకోలేదు పాపం.

చదువుతూ చదువుతూ నేను ఎటో వెళ్లిపోతాను. తేనెటీగల గురించి ఒక పేరా ఉంటే తేనెటీగల వెంట పోతాను. ఇంటికి రా అమ్మా అని బ్రిట్టా పెన్సిలుతో బల్ల మీద కొడుతుంది. అప్పుడు వస్తాను.

ఓడ మీంచి మా ఆయన వెండెల్ ఫోన్ చేశాడు. ఖనిజం దింపి తిరిగి వస్తున్నారట. మార్కులు నూట ఇరవై నుంచి నూట ఎనభై దాకా ఉంటాయని చెప్పాను. బంతి దొర్లించి పిన్నులు పడగొట్టే బౌలింగులో నాకూ ఓసారి నూట ఎనభై వచ్చిందిలే, నన్నెవరూ లాయర్ని చేయలేదు అన్నాడు.

అక్టోబరు 17, శనివారం

లైబ్రరీలో క్లాసు. చెప్పేది ఎల్స్‌వర్త్ గారు, రిటైరైన లెక్కల మాస్టారు. చెవిలోంచి వెంట్రుకలు, జేబులోంచి సుద్దముక్కలు. కాగితం మీద పేరు రాసి నిద్రపోయినా నూట ఇరవై ఇస్తారు, కంగారు పడకండి అని మొదలుపెట్టారు.

నాకు అర్థమైనంత వరకు రాస్తాను. వంద పైచిలుకు ప్రశ్నలు. అన్నింటికీ ఒకటే విలువ. తప్పు రాస్తే కోత లేదు, కాబట్టి ఖాళీ వదిలేవాడు తెలివితక్కువవాడు. ఒప్పుల్ని లెక్కపెట్టి, ఆ అంకెని ఒక పట్టికలో వేసి, నూట ఎనభైలోపు స్కోరుగా మారుస్తారు. పేపరు కష్టమైతే పట్టిక కాస్త దయగా ఉంటుంది. ఆ స్కోరు పక్కనే ఇంకో అంకె, పర్సెంటైల్. వందమందిలో మన కింద ఎంతమంది ఉన్నారన్నది.

పరీక్షలో అయిదు విభాగాలు, ఒక్కోదానికి ముప్పై అయిదు నిమిషాలు. లెక్కలోకి వచ్చేవి నాలుగు: చదివి అర్థం చేసుకోవడం ఒకటి, వాదనలు రెండు, పజిల్స్ ఒకటి. ఇంకొకటి, వీటిలోనే ఏదో ఒక రకం, అసలు లెక్కలోకి రాదు. ముందు ముందు వాడబోయే ప్రశ్నల్ని మన మీద పరీక్షించుకుంటారు. అది ఏదో మాత్రం చెప్పరు. పక్కవాడికీ అదే వస్తుందని లేదు, విభాగాల వరుస కూడా ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది. లెక్కలోకి రానిదంటే మా ఇంట్లో నా గురించి చెప్పినట్టే ఉంది అంది వెనక బల్ల అమ్మాయి, అందరూ నవ్వారు.

ఆ పట్టిక ఎలా తయారవుతుందో చెప్పబోతుంటే మా ఆఫీసు నుంచి ఫోన్. సోమవారం కోర్టుకి ఏదో టైపు చేయాలట. లేచి వచ్చేశాను. బ్రిట్టా కూడా నాతోపాటే వచ్చేసింది. కారు నాదగ్గరే ఉంది మరి.

అక్టోబరు 29

ఇంట్లో పెట్టుకున్న నమూనా పరీక్ష. బ్రిట్టాకి 159. నాకు 165. నేను 158 అని చెప్పాను.

నవంబరు 15, ఆదివారం

పట్టుబడ్డాను. నా జవాబులు అది మళ్లీ దిద్దిందట. నూట అరవై అయిదు వచ్చిన కాగితం చూపించి నూట యాభై ఎనిమిది అని ఎందుకు చెప్పావని అడిగింది. టైపు చేసీ చేసీ ఇతరుల వాదనలే నోటికొస్తాయి నాకు.

అప్పుడు ఏడ్చింది. నా మీద జాలి చూపించకు అంది. నేను ఎక్కినంత మేరా నువ్వూ ఎక్కుతున్నావు, పర్సెంటైల్ అంటే కింద ఉన్నవాళ్ల లెక్క, నువ్వు నా కింద ఉండాల్సినదానివి, నా నెత్తిన కూర్చున్నావు అంది. మళ్లీ తనే, అలా అనకూడదు, నాకేమీ పట్టదులే, రాయి అంది. ముక్కు చీదుకుంటూ పజిల్ చేసుకుంది. పజిల్స్‌లో అది నాకంటే గట్టిది. ఆరుగురిని బెంచీ మీద కూర్చోబెట్టమంటే కళ్లు మూసుకుని కూర్చోబెడుతుంది.

రేవులో పొగమంచు పడితే ఊదే బూర మోగుతోంది. మా అమ్మ గుర్తొచ్చింది. ఈ వంటింటి కిటికీ దగ్గర కుర్చీలో సరస్సు చూస్తూ చూస్తూ పోయింది. పక్షవాతం. బ్రిట్టాకప్పుడు పదకొండేళ్లు. అమ్మమ్మ ఏదో ఆలోచిస్తోందనుకుని చాలాసేపు పక్కన కూర్చుని బొమ్మలు వేసుకుంది. తర్వాత తెలిసింది దానికి.

నవంబరు 26, థాంక్స్‌గివింగ్

ఇద్దరికి ఇంత టర్కీ కోడి ఎందుకని వైల్డ్ రైస్ సూప్ చేశాను. వెండెల్ ఎరీ సరస్సులో ఎక్కడో ఉన్నాడు. బ్రిట్టా తిని, పడుకుని, లేచి, చదువుకుంది.

నేను తేల్చుకున్నాను.

అసలు పరీక్షలో ఒక విభాగం వదిలేస్తాను. పూర్తిగా ఖాళీగా. రాకుండా మానేస్తే దానికి తెలిసిపోతుంది. రాశాక రద్దు చేసుకోవచ్చు, కానీ అప్పుడు లెక్కలోంచే పోతాను. దానికి కింద ఎవరో ఒకరు ఉండాలి కదా. దేశమంతా యాభై వేల మంది రాస్తారట. సరస్సులోంచి చెంచాడు నీళ్లు తీస్తే మట్టం తగ్గుతుందా? తగ్గదు. అయినా తీసినవాళ్ల చేతికి తడి తెలుస్తుంది.

ఇది త్యాగం అనుకోవడం లేదు. నాకు లాయరు అవ్వాలని ఉంది, చాలా ఉంది, ఎంత ఉందంటే కారులో ఒక్కదాన్నే పోతున్నప్పుడు జడ్జికి జవాబులు చెబుతుంటాను. అందుకే భయం. కూతురి నెత్తిన కాలు పెట్టి ఎక్కేంత ఉందేమోనని.

డిసెంబరు 4

పెన్సిళ్లు చెక్కాను. దానివి ఆరు, నావి ఆరు. నావి కూడా బాగానే చెక్కాను.

డిసెంబరు 5, శనివారం, సాయంత్రం

అయిపోయింది. అంతా రాస్తాను, లేకపోతే కల అనుకుంటాను.

కొండ మీద కాలేజీ, మూడో అంతస్తు హాలు. ఒక గోడంతా కిటికీలు, కింద ఊరు, దాని కింద సరస్సు. నా సామానంతా ఒక ప్లాస్టిక్ సంచిలో, అందరిలాగే. వేలిముద్ర తీసుకున్నారు. నేను నేనేనని ఒక హామీపత్రం కలిపిరాతలో రాయమన్నారు. పిల్లలకి ఈ రోజుల్లో కలిపిరాత ఎక్కడొస్తుంది, నాలుక బయటపెట్టి ఒక్కో అక్షరం గీశారు. హాల్లో ఆ ఒక్కటి అందరికంటే ముందు నేను ముగించాను. నన్ను మూడో వరుసలో కిటికీ పక్కన, బ్రిట్టాని నాకు రెండు వరుసలు వెనక కూర్చోబెట్టారు. పర్యవేక్షకురాలు దుప్పిబొమ్మల స్వెటరు వేసుకున్న ముసలావిడ, కుట్టుపని మొదలుపెట్టే ముందు కళ్లజోడు తుడుచుకుంది.

మొదటి విభాగం చదివి అర్థం చేసుకోవడం. రెండోది వాదనలు. రెండూ బాగా రాశాను. మూడోది తెరిచాను, పజిల్స్. ఇదే అనుకున్నాను. ఇది బ్రిట్టాది. పెన్సిలు కింద పెట్టాను.

సరిగ్గా అప్పుడే కిటికీలో ఎడమ పలకలోకి ఓడ ముక్కు వచ్చింది. రేవు కాలువ దాటి ఖనిజంతో వెళ్లిపోయే పొడుగు ఓడ. ఎంత మెల్లగా పోతోందంటే పోతున్నట్టు లేదు. నీళ్ల మీద ఆవిరి లేస్తోంది, చలి ఎక్కువైనప్పుడు లేస్తుంది అలా, ఓడకి అడుగుభాగం కనబడక గాలిలో నడిచినట్టుంది. వెండెల్ ఓడ కాదది, అయినా డెక్కు మీద వెండెల్‌ని నిలబెట్టాను. పక్కన మా అమ్మని నిలబెట్టాను, కుర్చీ లేకుండా. తర్వాత నేను కోర్టులో ఉన్నాను. నేల మీద మోకాలి లోతు నీళ్లు, ఎవరూ పట్టించుకోవడం లేదు. జడ్జి చాలా మంచివాడు, చెప్పండమ్మా, మీ వైపు చెప్పండి అంటున్నాడు. నోరు తెరిస్తే ఆవిరే వస్తోంది. వస్తే రానీ, తొందరేం లేదు అంటున్నాడు.

ఎన్నో ఏళ్ల తర్వాత నాకు ముప్పై అయిదు నిమిషాలు నావని దొరికాయి. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. సిగ్గుగా కూడా ఉంది. స్వెటరు ఆవిడ ఇంకా అయిదు నిమిషాలు అంది. ఓడ తోక కుడి పలకలోంచి జారిపోయింది. టైమ్ అంది. నా కాగితం మంచులా తెల్లగా ఉంది.

విరామంలో బ్రిట్టా పరిగెత్తుకొచ్చింది. మొహం పాలిపోయి ఉంది. బాగానే ఉన్నావా, ఏదీ నవ్వు, రెండు చేతులూ ఎత్తు అంది. నడవలో అంతమంది మధ్య నవ్వి చేతులెత్తాను. పరీక్ష భయం పిల్లదానికి అనుకున్నాను. అరటిపండు ఇస్తే తినలేదు.

నాలుగోది మళ్లీ వాదనలు. అయిదోది తెరిచాను. మళ్లీ పజిల్స్.

రెండు పజిల్స్ విభాగాలు వచ్చాయంటే వాటిలో ఒకటి లెక్కలోకి రాదు. ఏది? ఇదీ వదిలేస్తేనే నా మాట నిలబడుతుంది. వదిలేయాలి. పెన్సిలు కింద పెట్టాలి. ఏడుగురు జాలర్లు, నాలుగు పడవలు, ఒకాయన ఇంకొకాయన ఉన్న పడవ ఎక్కనంటాడట. ఎందుకు ఎక్కనంటాడో పాపం అనుకున్నాను. ఒకసారి అనుకున్నాక వాళ్లని పడవల్లోకి ఎక్కించకుండా ఎలా ఉంటాను? చెయ్యి దానంతటది రాసుకుపోయింది. చివరి ప్రశ్న దాకా రాశాను. ఏ పండుగకీ అంత సంతోషపడలేదు.

బయట పార్కింగులో పిల్లలంతా గుంపులుగా నిలబడి నీకు పజిల్స్ ఒకటా రెండా, వాదనలు రెండా మూడా అని ఆరా తీసుకుంటున్నారు. లెక్కలోకి రానిది ఏదో కనిపెట్టాలని. ఒక్కొక్కడిది ఒక్కో సిద్ధాంతం. చెవుల టోపీ వాడు మొదటి మూడింట్లోనే ఉంటుంది ఎప్పుడూ అన్నాడు. ఇంకొకడు అదంతా పాత మాట అన్నాడు. బ్రిట్టా వాళ్లని దాటుకుని వచ్చి నా చేతిలోంచి తాళాలు తీసుకుంది. ఇంటికెళ్దాం అమ్మా, నేను నడుపుతాను అంది. దారంతా నా వైపే చూస్తూ నడిపింది.

డిసెంబరు 9

రద్దు చేసుకోవడానికి ఇంకా టైముంది. చేసుకోను. మూడోదే లెక్కలోకి రావాలని ప్రార్థించాను. నిద్రలోకి జారేటప్పుడు మాత్రం అయిదోది రావాలని ఉంటుంది. ప్రార్థన ఏది లెక్కలోకి వస్తుందో కూడా చెప్పరు.

డిసెంబరు 30, బుధవారం, మధ్యాహ్నం

నాకు 168. బ్రిట్టాకి 155.

అదే రోజు, సాయంత్రం

ప్రశ్నపత్రం, మన జవాబులు, పట్టిక అన్నీ వెబ్‌సైటులో పెట్టారు. చూశాను. నాలుగు విభాగాలే ఉన్నాయి. జాలర్లు ఉన్నారు, వాళ్ల పడవలు ఉన్నాయి. నేను ఖాళీగా వదిలిన కాగితం ఎక్కడా లేదు. లెక్కలోకి రాని విభాగాన్ని తిరిగి ఇవ్వరట. ఆ ప్రశ్నలూ లేవు, నా ఖాళీలూ లేవు. ఓడ పోయాక నీళ్లు ఎలా కలిసిపోతాయో అలా ఉంది.

బ్రిట్టా నా భుజం మీంచి చూసింది. మూడో విభాగంలో నీకేమైంది, నిజం చెప్పు అంది. చెప్పాను. మొత్తం చెప్పాను, చెంచాడు నీళ్లతో సహా.

అది కుర్చీలో కూర్చుంది. పెన్సిలు పెట్టేసి కిటికీలోకి చూస్తూ కదలకుండా ఉండిపోయావు, తల కొంచెం వాలింది, అచ్చం అమ్మమ్మలా అంది. లేచి అరుద్దామనుకున్నాను, అరిస్తే ఇద్దర్నీ బయటికి పంపేస్తారు, నీకు ఏమీ కాకపోతే నీ పరీక్ష నా వల్ల పోతుంది, అందుకని నీ వీపు ఊపిరికి కదులుతోందా లేదా అని చూస్తూ కూర్చున్నాను, విరామంలో నవ్వమని, చేతులెత్తమని అడిగింది కూడా పక్షవాతమేమోనని అంది. నీది ఉత్త విభాగం అమ్మా, నాది కాదు, నాకు ఆ టైములో వచ్చినవి అసలు పజిల్స్, ఆ జాలర్లే, నాలుగు పజిల్స్‌లో రెండే చేశాను, మిగతావాటికి గుడ్డిగా ఒకటే అక్షరం పెట్టుకుంటూ పోయాను అంది.

జాలర్లు నాకు అయిదోది. దానికి మూడోది.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. నేను అడగకుండా పెట్టాను, దాని కంచంలోదే తీసి.

జనవరి 2

మాట్లాడడం లేదు. కాఫీ మాత్రం రెండు కప్పులు పోస్తోంది.

జనవరి 9, శనివారం

బ్రిట్టా లైబ్రరీకి రాలేదు. ఒక్కదాన్నే వెళ్లి ఎల్స్‌వర్త్ గారికి చెప్పాను, ఎవరో తెలిసినావిడ సంగతి అన్నట్టు. ఆయన సుద్దముక్క జేబులోంచి తీసి, మళ్లీ జేబులోనే పెట్టుకున్నారు.

ఆ పట్టిక పరీక్ష రోజున పుట్టదట. ఆ ప్రశ్నల్ని ఎన్నో నెలల కిందటే వేరేవాళ్ల చేత, వాళ్లకి తెలియకుండా, లెక్కలోకి రాని విభాగాల్లో రాయించి, ఏది ఎంత కష్టమో తూచి పెట్టుకుంటారు. పోయినేడు 160 ఎంత బరువో ఈ ఏడు 160 అంతే బరువు ఉండాలి కదా, అందుకని. నువ్వు హాల్లోకి అడుగుపెట్టే ముందే గీతలు గీసి ఉంటాయి, పక్కవాడు మునిగినా తేలినా నీ గీత జరగదు అన్నారు. మరి పర్సెంటైల్ సంగతో అన్నాను. అది గడిచిన మూడేళ్లలో రాసినవాళ్లందరితో పోల్చి చెప్పేది, మీ తెలిసినావిడ ఒక్కర్తీ పడుకున్నా లేచినా దానికి చీమ కుట్టినట్టుండదు అన్నారు. అక్టోబరులోనే చెప్పాను కదమ్మా, మీరు వెళ్లిపోయారు అని కూడా అన్నారు.

అయితే ఆ ఖాళీ కాగితం ఏమవుతుందని అడిగాను. తూకంలోకి తీసుకోరనుకుంటా, అలాంటివి పక్కన పడేస్తారు అన్నారు. నా మొహం చూసి, ఏమో, ఒకవేళ పొరపాటున కలిసిపోతే ఆ ప్రశ్నలు వెంట్రుకవాసి కష్టంగా కనబడతాయి, ఎప్పుడో ఎవరికో పట్టిక వెంట్రుకవాసి దయగా ఉంటుంది అన్నారు. మంచివాడు. నేను ఆ ఎవరినో ఊహించుకుంటూ బస్టాపు దాటి నడిచాను. కారులో వచ్చానని ఇంటికి సగం దూరం పోయాక గుర్తొచ్చింది.

జనవరి 17, ఆదివారం

సరస్సు గడ్డకట్టి మూసుకుంది. ఓడలు కట్టేశారు. వెండెల్ ఇంటికొచ్చాడు, సంచి గుమ్మంలో పడేసి ఏం జరిగిందిక్కడ, ఎవరు పోయారు అన్నాడు. ఎవరూ పోలేదు నాన్నా, అదే గొడవ అంది బ్రిట్టా. మాటల్లోకి వచ్చాం మొత్తానికి.

విని వెండెల్ ముందు నవ్వాడు, తర్వాత నవ్వలేదు. ఓడలో ఒక పద్ధతుందర్రా అన్నాడు. పక్కవాడు పడతాడేమోనని వాడినే చూస్తూ నిలబడినవాడే ముందు పడతాడు, ఎవడి తాడు వాడు పట్టుకోవాలి అన్నాడు. బ్రిట్టాకి కోపం వచ్చింది. అయితే అమ్మని చూడకూడదా నేను, అమ్మమ్మని చూడనందుకే కదా పోయింది అంది.

నా కుర్చీ దాని పక్కకి జరుపుకున్నాను. నువ్వు చూసినా అమ్మమ్మ బతికేది కాదే, పదకొండేళ్లదానివి, ఆవిడ పక్కన బొమ్మలు వేసుకుంటూ ఎవరో ఒకరు ఉన్నారు, నాకు అదే చాలు అన్నాను. ఇన్నేళ్లూ ఈ మాట చెప్పనందుకు నన్ను నేను తిట్టుకున్నాను. అది చాలాసేపు ఏడ్చింది, ఈసారి నా ఒళ్లోకి వంగి.

లేచి మొహం కడుక్కొచ్చి షరతులు పెట్టింది. ఫిబ్రవరిలో మళ్లీ రాస్తుంది. నేను నా 168తో సెయింట్ పాల్ ఊళ్లో లా కాలేజీకి, సాయంకాలం క్లాసులకి దరఖాస్తు పెట్టాలి. దానికంటే ముందు పెట్టాలి. ఏదైనా నా కోసం వదిలేశానని ఇంకోసారి అన్నావో, ఈ కిటికీకి చెక్కపలకలు కొట్టించి మూసేస్తాను అంది. పరీక్ష రోజు దింపాక ఆ చుట్టుపక్కల కనబడకూడదట. కారు కూడా.

వెండెల్ మేకులు వెతకనా అన్నాడు.

ఫిబ్రవరి 5

దాని పెన్సిళ్లు అదే చెక్కుకుంది.

ఫిబ్రవరి 6, శనివారం, ఉదయం 9:10

దాన్ని దింపి, వెనక్కి చూడకుండా, కొండ దిగి, రేవు చివర ధాన్యం గోదాముల వెనక్కి వచ్చేశాను. ఇక్కణ్నుంచి ఆ హాలు కనబడదు. ఆ హాలుకి నేనూ కనబడను. దానికి నేను చేయగలిగిన సాయం ఇదొక్కటే.

ఒళ్లో దరఖాస్తు. మీకు లాయరు ఎందుకు అవ్వాలని ఉందో మీ మాటల్లో చెప్పండి అన్నారు. జడ్జి అడిగినట్టే అడిగారు.

సరస్సంతా తెల్లగా, చివరి దాకా మంచుగడ్డ. ఓడలు లేవు. చూడ్డానికి ఏమీ లేదు. రాస్తున్నాను.